మా షడ్డకుడి లైఫ్ టాక్సు

మా అత్తగారింట్లో నెయ్యిగిన్నె తిరగడానికి ఒక వరస ఉండేది. వంటింటి గుమ్మం దాటాక ముందు మామగారి దగ్గర ఆగాలి. ఆయనకి డాక్టరు నెయ్యి మానిపించాడు కాబట్టి అక్కడ ఆగినట్టు ఆగి నా దగ్గరకి వచ్చేది. పెద్దల్లుణ్ణి గనక ఆ ఇంట్లో మొదటి నెయ్యి నాదే. నా తర్వాతే మా షడ్డకుడికి, అంటే మా మరదలి మొగుడికి. పెళ్ళయిన దగ్గర్నించి నాకున్న ఆస్తి అదొక్కటే. దాని కోసం నేను ఏం చేశానో చెప్తాను.

ఏడో తరగతిలో లెక్కల మాస్టారు నన్ను బయట నిలబెట్టారు. బయట బాగుంది. మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. ఒక మెకానిక్ షెడ్డులో చేరి, అక్కణ్ణించి బండ్ల బేరాల్లోకి దిగి, తొంభైల చివరికి వచ్చేసరికి చిలకలూరిపేట హైవే పక్కన పాత కార్లు కొని అమ్మే నలుగురైదుగురిలో ఒకణ్ణయ్యాను. మా వ్యాపారానికి పెట్టుబడి మిర్చి ధర. ధర ఎక్కిన ఏడాది రైతులు కార్లు కొనేవాళ్ళు. ధర దిగిన ఏడాది, లేదా పత్తికి పురుగు పట్టిన ఏడాది, ఆ కార్లే మా దగ్గరకి వచ్చేవి. రెండిట్లో ఏది జరిగినా మా టీకొట్టు వాడికి బేరం తగ్గేది కాదు.

కొన్న కార్లని ఇక్కడ అమ్మితే పెద్దగా మిగిలేది కాదు. కర్ణాటక పంపాలి. తుంగభద్ర కాలవ కింద, సింధనూరు చుట్టుపక్కల, మన గుంటూరు జిల్లా వాళ్ళు ఏనాడో పోయి వరి వేసుకున్న ఊళ్ళున్నాయి. క్యాంపులంటారు. వాళ్ళకి అన్నీ అక్కడే దొరుకుతాయి. అయినా గోంగూర పచ్చడీ, కోడళ్ళూ, కార్లూ మాత్రం మన వైపు నించే రావాలి. మనవాడు అమ్మిన బండిలో మోసం ఉండదని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం మీద నేను చాలా కార్లు తుంగభద్ర దాటించాను.

ఆ రోజుల్లో మా పద్ధతి ఇలా ఉండేది. రైతు దగ్గర కారు కొనేటప్పుడు పేరు మార్చే ఫారాల మీద అతని సంతకాలు తీసుకుంటాం. కొన్నవాడి పేరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేస్తాం. ఎందుకైనా మంచిదని రెండు తెల్లకాగితాల మీద కూడా సంతకం పెట్టిస్తాం. బండి మా దగ్గర పది రోజులుండనీ, రెండు నెలలుండనీ, సి-బుక్కులో, అంటే బండి రిజిస్ట్రేషన్ పుస్తకంలో, రైతు పేరే ఉంటుంది. వేరే రాష్ట్రం పోవడానికి ఆర్టీవో ఆఫీసులో తీసుకునే ఎన్‌ఓసీ కూడా ఆ పేరు మీదే. చివరికి ఆ ఖాళీలో క్యాంపు మనిషి పేరు ఎక్కుతుంది. మధ్యలో మేము ఎక్కడా కనపడం. అన్ని కార్లు నా చేతిలోంచి పోయాయి, ఒక్క కాగితం మీద కూడా నా పేరు లేదు. అది మా తెలివి అనుకునేవాళ్ళం.

కాగితాల్లో నాకు వచ్చిన విద్య ఒకటుంది. ఎన్‌ఓసీ కావాలంటే బండి ఛాసిస్ నంబరు మీద పల్చటి కాగితం పెట్టి, పెన్సిల్‌తో రుద్ది, ముద్ర తీసివ్వాలి. తుప్పు పట్టిన బండి మీద ఒక్కొక్కరు పది కాగితాలు చింపేవాళ్ళు. నేను మొదటిసారికే తీసేవాణ్ణి. బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు ఒకసారి నా ముద్ర చూసి, "ఇది పెన్సిలా, ప్రింటింగ్ ప్రెస్సా?" అన్నారు. ఆ మాట మా ఆవిడకి చెప్పాను. మా ఆవిడ వాళ్ళమ్మకి చెప్పింది. ఆ ఆదివారం నెయ్యి రెండు చెంచాలు పడింది.

అలాంటి రోజుల్లో మా షడ్డకుడు పనిచేసే పత్తి జిన్నింగు మిల్లు మూతపడింది. అతను అక్కడ గుమాస్తా. ఇంటర్ పాసయ్యాడు. చొక్కా జేబులో రెండు పెన్నులుండేవి, రెండూ రాసేవి. మామగారు నన్ను పక్కకి పిలిచి, "మీ వెనకాల తిప్పుకోండి బాబూ, నాలుగు డబ్బులు చూస్తాడు" అన్నారు. నేను పెద్దమనసు చేసుకున్నాను. పక్కవాడు మన వెనకాల నడుస్తున్నంతసేపూ పెద్దమనసుకి ఖర్చేమీ ఉండదు.

అతను సొంతంగా కొన్న మొదటి బండి ఒక పాత అంబాసిడర్. పాలరంగుది. కొన్న మర్నాడే ఆర్టీవో ఆఫీసుకి పోయి, ఫీజు కట్టి, బండిని తన పేరుకి మార్చుకున్నాడు. అది అయ్యేదాకా అమ్మకుండా కూర్చున్నాడు. టీకొట్టు దగ్గర నాతోటి బ్రోకరు నన్ను పట్టుకున్నాడు.

"ఏరా, మీ షడ్డకుడు బండి తన పేరున రాయించుకున్నాడంటగా. అమ్ముతాడా, ఊరేగుతాడా?"

"మనమంతా పెళ్ళిచూపులతో సరిపెట్టే రకం," అన్నాను. "మావాడు పద్ధతిగల మనిషి. మూడు ముళ్ళూ వేశాకే బయటికి పంపిస్తాడు."

టీకొట్టంతా నవ్వింది. అతను కూడా అక్కడే ఉన్నాడు. నవ్వి, టీ గ్లాసు కింద పెట్టి, "అన్నయ్యా, ఎన్‌ఓసీకి ఛాసిస్ ముద్ర కావాలి, మీరైతే బాగా వస్తుంది" అన్నాడు. తీసిచ్చాను. ఆ పెన్సిల్ అరిగినంత కూడా నాకు తర్వాత మర్యాద మిగల్లేదు.

అంబాసిడర్ క్యాంపుకి పోయింది. దాదాపు ఆర్నెల్లయ్యాక, ఒక ఆదివారం మధ్యాహ్నం మేము అత్తగారింటికి భోజనానికి వెళ్ళేసరికి దేవుడి పటం ముందు మైసూరుపాకు పొట్లమూ, దాని మీద ఒక చెక్కూ ఉన్నాయి. గవర్నమెంటు చెక్కు. మా షడ్డకుడి పేరున.

విషయం అతనే చెప్పాడు, గొప్పలు లేకుండా, అదొక దరిద్రం. కారు కొన్నప్పుడే మన రాష్ట్రంలో దాని జీవితకాలానికి సరిపడా పన్ను కట్టించుకుంటారు. బండి మధ్యలో వేరే రాష్ట్రానికి పోయి అక్కడ కొత్త నంబరు తీసుకుంటే, ఇక్కడ తిరగని ఏళ్ళకి ఇక్కడ పన్నెందుకు? మిగిలింది తిరిగివ్వమని అడగొచ్చు. కొత్త రిజిస్ట్రేషన్ కాపీ జతచేసి దరఖాస్తు పెడితే ఇస్తారు. అతను ఆఫీసు గోడ మీద అంటించిన కాగితం చదివాడట. నేను ఆ గోడకి ఆనుకుని ఏళ్ళ తరబడి బీడీలు కాల్చాను.

"గవర్నమెంటు తీసుకోవటమే గాని తిరిగిచ్చిందని నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు," అన్నారు మామగారు.

అత్తగారు నా వైపు తిరిగారు. "మీకు ఎన్నిసార్లు వచ్చింది పెద్దల్లుడుగారూ? మీరు చాలా కార్లు పంపించారుగా?"

"నేను గవర్నమెంటుకే వదిలేస్తుంటాను అత్తయ్యా," అన్నాను. "పాపం వాళ్ళకీ ఖర్చులుంటాయి."

అందరూ నవ్వారు. నవ్వు ఆగేలోపే వంటింట్లోంచి నెయ్యిగిన్నె వచ్చింది. మామగారి దగ్గర ఆగలేదు. నా ముందు నించి, నా చెయ్యి మీదుగా, మా షడ్డకుడి కంచంలోకి పోయింది. ఒక చెంచా. రెండో చెంచా. తర్వాత నా దగ్గరకి వచ్చింది. వచ్చిన నెయ్యిలో తేడా ఏమీ లేదు. కానీ ఆ రోజు నేను కందిపొడి అన్నంతోనే లేచి చెయ్యి కడుక్కున్నాను.

దార్లో మా ఆవిడ అడిగింది, "ఏమండీ, మరిదిగారికి వచ్చింది మీకెందుకు రాలేదు?" నేను స్కూటరు చప్పుడులో వినపడనట్టు నడిపాను. స్కూటరు కొత్తది, చప్పుడు చెయ్యదు. ఆవిడకి తెలుసు.

ఆ రోజు నించి నాకు అతను చేసే ప్రతి పనీ కనపడసాగింది. అంతకుముందు కనపడేది కాదు. అతను పెన్ను మూత పెట్టే తీరు. బండి కాగితాలకి ప్లాస్టిక్ కవరు వేసే తీరు. ఆర్టీవో ఆఫీసులో గుమాస్తా అతన్ని "రండి" అనడం, నన్ను "ఏంటి" అనడం. ఇద్దరం ఒకే షర్టు గుడ్డ కొన్నా అతనికే నప్పినట్టుండేది. టీకొట్టులో అతని మీద వేసే జోకులు కూడా పలచబడిపోయాయి. చెక్కు తెచ్చుకున్న వాడి మీద జోకు వేస్తే అది ఏడుపులాగే వినపడుతుంది.

నాకో చెక్కు కావాలి. అతనిదానికంటే పెద్దది. అతన్ని అడక్కుండా తెచ్చుకోవాలి. పోయిన బండ్ల కాగితాలు ఎక్కడున్నాయో దేవుడికే ఎరుక. చేతిలో ఉన్నది ఒక్కటే, తెల్ల మారుతీ జెన్ను. పర్చూరు దగ్గర ఒక మిర్చి రైతు, ధర బాగున్న ఏడాది కొత్తగా కొని, మూడేళ్ళకి ధర పడిపోయి నాకు అమ్మేశాడు. అమ్మిన రోజు బండి కడిగి, డాష్‌బోర్డు మీది వెంకటేశ్వరస్వామి బొమ్మని తన పైపంచెలో చుట్టుకుని పోయాడు. మూడేళ్ళ బండంటే ఇంకా బోలెడు పన్ను మిగిలున్నట్టు. అంబాసిడర్ దీని ముందు ఎంత?

ఎన్‌ఓసీ తీసుకున్నాను. క్యాంపు మనిషితో బేరం కుదిరింది. కాగితాలన్నిటికీ రెండేసి జిరాక్సులు తీయిస్తుంటే మా షడ్డకుడు చూశాడు. నేను ఎప్పుడూ జిరాక్సులు తీయించను.

"అన్నయ్యా, ఈ బండి సి-బుక్కు ఎవరి పేరున ఉంది?" అన్నాడు.

"నీ పేరున మాత్రం లేదులే, కంగారుపడకు."

"అది కాదన్నయ్యా, టాక్సు డబ్బులు..."

"నీ డబ్బులు నువ్వు చూసుకో నాయనా. నా డబ్బులు నాకు దారి తెలుసుకుని వస్తాయి."

జిరాక్సు షాపువాడు నవ్వాడు. అతను చేతిలో పెన్నుకి మూత పెట్టుకుని వెళ్ళిపోయాడు. నా రహస్యం కూపీ లాగడానికి వచ్చాడనీ, తిప్పికొట్టాననీ ఆ పూటంతా హుషారుగా ఉన్నాను.

బండి నేనే నడుపుకుంటూ పోయాను. వినుకొండ, నంద్యాల, కర్నూలు, ఆదోని మీదుగా సింధనూరు. క్యాంపులో కొన్నాయన తల్లి, ముసలావిడ, నేను పేట నించి వచ్చానని తెలిసి చెయ్యి పట్టుకుని వదల్లేదు. "మన వైపు కాలవకి నీళ్ళొదిలారా బాబూ?" అంది. ఆవిడ కాపరానికి వచ్చి నలభై ఏళ్ళు దాటిందట. కాలవ ఇంకా "మన వైపే" ఉంది. ఒక జాడీ గోంగూర పచ్చడి ఇచ్చాను. కొత్త రిజిస్ట్రేషన్ అయ్యాక ఒక కాపీ కావాలని చెప్పాను. నెలన్నర తర్వాత బస్సులో మళ్ళీ పోతే ఇంకా కాలేదన్నారు. మూడోసారి, మూడో జాడీతో, కాపీ చేతికొచ్చింది. అంతా కన్నడం. చూస్తే తెలుగులాగే ఉంటుంది, చదవబోతే జారిపోతుంది. ఇంగ్లీషు కాగితాలు నాకు చూడ్డానికి కూడా తెలుగులా ఉండవు కాబట్టి, ఇదే నయమనిపించింది.

ఇటు వచ్చాక ఆర్టీవో ఆఫీసుకి పోయాను. బయట చెట్టు కింద బల్ల వేసుకుని దరఖాస్తులు రాసే మనిషి ఉండేవాడు. రైతు సంతకం ఉన్న తెల్లకాగితం ఇచ్చాను. అతను సి-బుక్కు జిరాక్సు పక్కన పెట్టుకుని రాస్తూ అడిగాడు.

"అడ్రసు ఏం రాయమంటారు?"

"బుక్కులో ఎట్లా ఉంటే అట్లా రాయి. తేడా వస్తే మళ్ళీ తిప్పుతారు."

నాకు తెలిసిన ఒకే ఒక్క ఆఫీసు సూత్రం అది. కాగితం ఎవరు మోస్తే డబ్బు వాళ్ళదనేది నా సొంత సూత్రం.

ఆ ఆదివారం అత్తగారితో అనేశాను. "చిన్నల్లుడిది ముసలి బండి. నాది మూడేళ్ళది. నా చెక్కు వచ్చినప్పుడు సున్నాలు లెక్కపెట్టుకోండి." ఆవిడ "రానీండి చూద్దాం" అన్నారు. నెయ్యి మాత్రం అతనికే ముందు పోశారు. నేను గిన్నెతో చెప్పినట్టుగా మనసులో చెప్పుకున్నాను, ఇంకెన్నాళ్ళులే అని.

నాలుగు నెలలు. పోస్టుమన్ సైకిలు చప్పుడు నాకు బాగా తెలిసిపోయింది. రోజూ ఎదురెళ్ళి నిలబడితే అతను విసుక్కున్నాడు. "ఉత్తరాలు కావాలంటే ముందు మీరు ఎవరికన్నా రాయాలండీ." మా వీధిలో నా జోకులకి అతనొక్కడే బదులివ్వగలిగేవాడు.

తర్వాత మిర్చి కోతల రోజులొచ్చాయి. ఊరంతా కొత్త కారం కొట్టించే ఘాటు, ఎవరింటికి పోయినా తుమ్ములు. ఒక ఆదివారం అత్తగారింట్లో కంచాలు వేస్తుండగా వీధి గుమ్మంలో ఒక పెద్దాయన నిలబడ్డాడు. భుజాన ఎర్రటి ఎండుమిరపకాయల గోతం. పర్చూరు రైతు. నా కార్ల యార్డుకి పోతే ఇక్కడున్నానని చెప్పారట.

"అబ్బాయ్, నిన్ను చూసిపోదామని వచ్చా" అని గోతం గుమ్మం పక్కన దించి, జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. కవర్లోంచి చెక్కు తీశాడు. "పోస్టులో వచ్చింది. ఏం కాగితమో తెలీక బ్యాంకులో చూపించా. అమ్మేసిన కారు పన్ను గవర్నమెంటు వాపసిచ్చిందన్నారు. నేనెప్పుడూ అడగలేదే అని ఆర్టీవో ఆఫీసుకి పోయా. బయట రాసేవాడు చెప్పాడు, పేట నించి ఒకాయన మూడుసార్లు కర్ణాటక పోయొచ్చి నీ పేరున పెట్టించాడయ్యా అని."

చెక్కు మీద పేరు నాకు తెలిసిన పేరే. తెల్లకాగితాల మీద, ఫారాల మీద, ఆ సంతకం ఎన్నిసార్లు చూశానో. సి-బుక్కులో ఎవరి పేరుంటే వాళ్ళకే వస్తుంది. జిరాక్సు షాపు దగ్గర మా షడ్డకుడు చెప్పబోయింది ఇదే. సున్నాలు నిజంగానే ఎక్కువున్నాయి.

అత్తగారు చెక్కునీ, రైతునీ, నన్నూ చూశారు. "ఇదేనా మీరు చెప్పింది? మరి ఆయన పేరున వచ్చిందేమిటి?"

నా పక్కన మా షడ్డకుడు కూర్చున్నాడు. అతను ఒక్క ముక్క చెప్తే చాలు. టీకొట్టు నవ్వులన్నీ వడ్డీతో సహా తీర్చుకోవచ్చు. నేనైతే తీర్చుకునేవాణ్ణి.

"ఆయన కోసమే అన్నయ్య తిరిగింది అత్తయ్యా," అన్నాడు అతను. "మిర్చి ధర పడిపోయి కారు అమ్ముకున్నాడు పాపం అని."

మామగారు లేచి రైతుకి కుర్చీ జరిపారు. రైతు కళ్ళు తుడుచుకుని, "పురుగుమందుల షాపులో బాకీ తీరుద్ది. నీ బస్సు ఛార్జీలన్నా తీసుకో అబ్బాయ్" అన్నాడు.

"వద్దు బాబాయ్" అంది నా నోరు. అది నా మాట ఎప్పుడు విన్నది గనక.

ఆయనకీ ఒక కంచం వేశారు. నెయ్యిగిన్నె వచ్చింది. ముందు రైతుకి. తర్వాత నాకు, మూడు చెంచాలు. ఆఖర్న మా షడ్డకుడికి. అత్తగారు పక్కింటావిడకి గోడ మీంచి చెప్తున్నారు, "మా పెద్దల్లుడు పైసా ముట్టకుండా రైతుకి డబ్బు తెప్పించాడు." నా వరస నాకు తిరిగొచ్చింది. ఎన్ని నెలలుగా కోరుకున్నానో అంతకంటే ఎక్కువే వచ్చింది. పక్కన అతను తల వంచుకుని అన్నం కలుపుకుంటున్నాడు. నా వైపు చూసి కన్నుగీటినా బాగుండేది. గీటలేదు. ఆ మూడు చెంచాల నెయ్యీ అతను వడ్డించినట్టే తిన్నాను. చెక్కు మీద కుళ్ళుకున్నాను, పెన్నుల మీద కుళ్ళుకున్నాను, ఆ రోజు అతని నోటి మీద కూడా కుళ్ళుకున్నాను. అది ఎప్పుడు తెరవాలో దానికి తెలుసు.

చేతులు కడుక్కునే దగ్గర అడిగాను. "ఎందుకు చెప్పలేదురా?"

"చెప్పబోయానుగా అన్నయ్యా, జిరాక్సు షాపు దగ్గర."

నేను అడిగింది దాని గురించి కాదు. అతనికీ తెలుసు.

ఆ తర్వాతి నెల ఒక పాత సుమో కొన్నాను. ఫారం తీసుకెళ్ళి అతని ముందు పెట్టి, ఖాళీ చోటు వేలితో చూపించాను. "ఎవరి పేరు అన్నయ్యా?" అన్నాడు. "నాది." అతను రాశాడు, ఇంటిపేరుతో సహా, గుండ్రంగా. ఛాసిస్ ముద్ర నేను తీశాను. కొత్త సి-బుక్కు చేతికొచ్చిన రోజు టీకొట్టులో నా మీద వేసిన జోకు కొత్తదేమీ కాదు, ఆ మూడు ముళ్ళదే. నేను వేసినప్పుడే బాగుంది.

సుమో తుంగభద్ర దాటింది. ఎనిమిది నెలలకి నా పేరున చెక్కు వచ్చింది. దేవుడి పటం ముందు పెట్టాం. అప్పటికి మా షడ్డకుడికి నాలుగొచ్చాయి, ఎవరికీ చెప్పలేదు. బ్యాంకులో గుమాస్తా చెప్తే నాకు తెలిసింది.

ఇప్పుడు నెయ్యి మొదట నాకే. అయినా గిన్నె నన్ను దాటి అతని కంచం మీద వంగినప్పుడు, నా ముద్ద ఆపి, చెంచా వైపు చూస్తాను. అతనికి కాస్త నిండుగానే పడుతుందని నా అనుమానం.